మొదటి డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? బాడీ కంటే ముందు లెన్స్ సంగతి తేల్చుకోండి

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. మూడో నెల జీతం పడగానే కాకినాడ నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, కెమెరా కొందామనుకుంటున్నా, యాభై వేలు పక్కన పెట్టాను, ఏది కొనమంటావ్?" అన్నాడు. "దేన్ని ఫోటో తీద్దామని రా?" అనడిగాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. "అన్నీ తీస్తాలే మావయ్యా, ముందు ఏ కెమెరా మంచిదో చెప్పు" అన్నాడు.

నన్ను ఈ ప్రశ్న అడిగే వాళ్ళందరూ ఇలాగే అడుగుతారు, ఏ కెమెరా మంచిది అని. ఆ బడ్జెట్‌లో వచ్చే బాడీలన్నీ, అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరాలన్నీ, మంచివే, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా మీరు తీసే ఫోటోలో కనిపించడం చాలా కష్టం. కనిపించేది లెన్స్ తేడా. ఆ లెన్స్ ఏదో తేలాలంటే మీరు దేన్ని తీస్తారో ముందు తేలాలి. కాబట్టి వాడికి చెప్పినదే మీకూ చెప్తున్నాను, కాస్త వివరంగా.

ముందు ఫోన్ గ్యాలరీ తెరవండి. గత ఆరు నెలల్లో మీరు తీసిన వాటిలో మీకు నిజంగా నచ్చినవి ఓ ఇరవై పక్కన పెట్టండి. అందులో ఏమున్నాయో చూడండి. ఇంట్లో పిల్లలా, ఫంక్షన్లలో చుట్టాలా, గుళ్ళూ కోటలా, చెరువు మీద పిట్టలా, రోడ్డు మీద మనుషులా? ఇందులో ఏ రెండు ఎక్కువున్నాయో కాగితం మీద రాసుకోండి. షాపుకి వెళ్ళినప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి, ఎందుకంటే అక్కడ కౌంటర్ వెనకాల ఉన్నతను మీకు అవసరమైనది చూపించడు, తన దగ్గర స్టాక్ ఉన్నది చూపిస్తాడు.

డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా

దీన్ని దాటేసి ముందుకెళ్ళడం న్యాయం కాదు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనకాల ఒక అద్దం ఉండి బొమ్మని వ్యూఫైండర్‌కి, అంటే కన్ను పెట్టి చూసే కిటికీకి పంపిస్తుంది, మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. కెనాన్, నికాన్ రెండూ కొత్త పరిశోధనంతా మిర్రర్‌లెస్ మీదే పెడుతున్నాయి. నికాన్ డి3500, డి5600 లాంటి బిగినర్ మోడళ్ళ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వీడియోలే ముఖ్యం అనుకునేవాళ్ళు, యూట్యూబ్ పెడదామనుకునేవాళ్ళు డీఎస్ఎల్ఆర్ జోలికి వెళ్ళొద్దు, నేరుగా మిర్రర్‌లెస్ కొనుక్కోండి. అలాగే బడ్జెట్ గట్టిగా ఉండి, అన్నీ కొత్తవే కావాలనుకుంటే కూడా అదే దారి.

మరి డీఎస్ఎల్ఆర్ ఎవరికి? ఫోటోలు నేర్చుకుందాం, డబ్బు కాస్త చూసి ఖర్చు పెడదాం అనుకునేవాళ్ళకి. చాలామంది మిర్రర్‌లెస్‌కి మారిపోతుంటే వాళ్ళ పాత సామాను, ముఖ్యంగా లెన్సులు, సెకండ్ హ్యాండ్‌లో బాగా దిగి వస్తున్నాయి. బ్యాటరీ కూడా రోజంతా నిలుస్తుంది. డి3500కి ఒక ఛార్జింగ్‌తో 1550 ఫోటోలు అని కంపెనీ లెక్క, చిన్న మిర్రర్‌లెస్‌లు దీని దరిదాపుల్లోకి రావు. ఇంకోటి, రేపు మీరు మిర్రర్‌లెస్‌కి మారినా ఇప్పుడు కొన్న లెన్స్ వృథా పోదు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్ పెట్టుకుంటే వాళ్ళ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌ల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్‌కి ఎఫ్‌టీజడ్ అనే అడాప్టర్ ఉంది, లెన్స్ లోపలే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలు దాంతో ఆటోఫోకస్ చేస్తాయి.

బాడీ గురించి తక్కువగానే

మెగాపిక్సెల్స్ గురించి టెన్షన్ పడకండి. ఇప్పుడు దొరికే వాటిలో చాలా వరకు 24 మెగాపిక్సెల్సే. మన పెళ్ళిళ్ళ కరిజ్మా ఆల్బమ్‌లో ఒక పేజీ 12 అంగుళాలు బై 18 అనుకుంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ కొట్టడానికి 19 మెగాపిక్సెల్స్ చిల్లర చాలు. ఇంతకంటే పెద్ద ప్రింట్లు మనం ఎన్ని తీయిస్తాం చెప్పండి.

ఫుల్ ఫ్రేమ్ అనే మాట వినే ఉంటారు. వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే భాగం సెన్సర్, అది 36 బై 24 మిల్లీమీటర్లుంటే ఫుల్ ఫ్రేమ్. బిగినర్ కెమెరాల్లో ఉండేది అంతకంటే చిన్నది, క్రాప్ సెన్సర్ అంటారు. చీకట్లో ఫుల్ ఫ్రేమ్ బాగుంటుంది, నిజమే, కానీ దానికి తగ్గ లెన్సులు బరువు, ధర కూడా బరువే. మొదటి కెమెరాకి క్రాప్ చాలు, దీని మీద రెండో ఆలోచన పెట్టుకోవద్దు.

కెనాన్‌లో 1500డి సరిపోతుంది, కాకపోతే దానికి తొమ్మిది ఫోకస్ పాయింట్లే, అందులో మధ్యదొక్కటే గట్టిది. 200డి రెండో వెర్షన్ దొరికితే ఇంకా హాయి, తేలిగ్గా ఉంటుంది, స్క్రీన్ తిప్పుకోవచ్చు, టచ్ పనిచేస్తుంది. 3000డి మాత్రం నేను వద్దనే చెప్తాను, అందులో లెన్స్ బిగించే చోట మెటల్ రింగు కాకుండా ప్లాస్టిక్ పెట్టారు, లెన్సులు మార్చి మార్చి వాడే వస్తువుకి అక్కడ పొదుపు చేయడం నాకు నచ్చలేదు. నికాన్‌లో డి3500, డి5600 దొరికితే రెండూ మంచివే. సెకండ్ హ్యాండ్‌కి సిద్ధమైతే కెనాన్ 80డి గానీ నికాన్ డి7200 గానీ చూడండి. ఇవి ఒక మెట్టు పైవి, చేతిలో పట్టు బాగుంటుంది, సెట్టింగులు మార్చడానికి రెండు డయల్స్ ఉంటాయి, వ్యూఫైండర్‌లో బొమ్మ పెద్దగా కనిపిస్తుంది. నన్నడిగితే కొత్త 1500డి కంటే జాగ్రత్తగా వాడిన పాత 80డి మేలు.

నికాన్ తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 3000, 5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డి లెన్స్ ఎవరో చవగ్గా ఇస్తామన్నారని తెచ్చుకుంటే అది బిగుస్తుంది, ఫోటో తీస్తుంది, ఫోకస్ మాత్రం మీరే చేత్తో తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో పేరులో ఉండాలి. అందులోనూ ఏఎఫ్-పీ కొత్త రకం, డి3200, డి5100, డి7000 లాంటి పాత బాడీల మీద అది అసలు ఫోకస్ చేయదు.

కెనానా నికానా అనే తగవు నాకు అర్థం కాదు. మీ అన్నయ్య దగ్గరో ఫ్రెండ్ దగ్గరో ఏ కంపెనీ కెమెరా ఉందో అదే కొనండి. వాళ్ళ లెన్సు ఓ వారం అడిగి తెచ్చుకోవచ్చు. కొనకుండా లెన్స్ సంగతి తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. ఎవరి దగ్గరా లేదంటే షాపులో రెండూ పట్టుకుని చూడండి, చూపుడువేలు షట్టర్ బటన్ మీదకి, బొటనవేలు డయల్ మీదకి వెతుక్కోకుండా వెళ్ళేది మీది.

ఇప్పుడు అసలు విషయం: లెన్స్

లెన్స్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఫోకల్ లెంత్, 18-55 ఎం.ఎం. అనో 50 ఎం.ఎం. అనో. అంకె చిన్నదైతే ఎదురుగా ఉన్నది ఎక్కువ పడుతుంది, పెద్దదైతే దూరంలో ఉన్నది దగ్గరికొస్తుంది. రెండోది ఎఫ్ నంబర్, లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పేది. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది, అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ లోపలికొస్తుంది. చాలామంది మొదటి అంకె చూసి లెన్స్ కొంటారు, ఇంట్లో ఫోటోలు తీసేవాళ్ళు చూడాల్సింది రెండోది.

మీ ఇంట్లో రాత్రి ఏడింటికి పాప పుట్టినరోజు అనుకోండి. హాల్లో ఒక ట్యూబ్‌లైట్, కేకు మీద కొవ్వొత్తులు. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే అది ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె, 3200 పెట్టినా షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో 30వ వంతు దగ్గర ఆగిపోయిందనుకోండి. పాప కుదురుగా కూర్చోదు కదా, ఊదేటప్పుడు తల కదిలింది, ముఖం చెదిరిపోయింది. అదే చోట ఎఫ్ 1.8 తెరుచుకునే 50 ఎం.ఎం. పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. ఐఎస్ఓ సగానికి, అంటే 1600కి దించినా స్పీడ్ 160వ వంతుకి వెళ్తుంది. ముఖం నిలబడుతుంది, ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్ తగ్గుతుంది, వెనకాల గోడ మీద క్యాలెండరూ స్విచ్‌బోర్డూ మెత్తగా కరిగిపోతాయి. బాడీ అదే, గది అదే, మారిందల్లా లెన్స్ ఒక్కటే.

అయితే వెంటనే 50 కొనేయకండి, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. అందరూ చెప్పే మాట అది, మొదటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ అంటే ఫిఫ్టీ అని. కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం నిజంగానే మంచి లెన్స్, 160 గ్రాములు, ధర తక్కువ, అందుకే అందరి బ్యాగులోనూ ఉంటుంది. కానీ క్రాప్ సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 80 ఎం.ఎం. ఎంత చూపిస్తుందో అంతే చూపిస్తుంది. దీన్ని మీ గదిలో కొలిచి చూడండి. నిలబడ్డ మనిషిని తలనుంచి పాదాల దాకా, పైన కింద కాస్త జాగాతో, కెమెరా నిలువుగా పట్టుకుని తీయాలంటే 50 ఎం.ఎం.తో మీరు దాదాపు 15 అడుగుల దూరం వెనక్కి జరగాలి. మన అపార్ట్‌మెంట్లలో బెడ్‌రూమ్ 10 బై 12. వీపు గోడకి తగిలాక ఇంకెక్కడికి జరుగుతారు? అదే 24 ఎం.ఎం.తో అయితే ఏడు అడుగులు చాలు. సోఫా మీద ఆరుగురు కూర్చున్న గ్రూప్ ఫోటో, అడ్డంగా, మూడు మీటర్ల వెడల్పు అనుకుంటే 50తో 22 అడుగులు, 24తో పదిన్నర.

అందుకని ఇల్లూ పిల్లలూ చుట్టాలూ అని కాగితం మీద రాసుకున్నవాళ్ళకి నేను చెప్పేది ఇది: కెనాన్ అయితే ఈఎఫ్-ఎస్ 24 ఎం.ఎం. ఎఫ్ 2.8, నికాన్ అయితే డీఎక్స్ 35 ఎం.ఎం. ఎఫ్ 1.8. ఆ 24 అయితే బిస్కెట్‌లా పల్చగా ఉంటుంది, 125 గ్రాములు, బాడీకి తగిలించి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోవచ్చు. ఎఫ్ 2.8 కాబట్టి 1.8 అంత వెలుతురు రాదు, కానీ కిట్ లెన్స్‌ని 55 దగ్గర వాడినప్పటి కంటే నాలుగు రెట్లు వస్తుంది. 50 ఎప్పుడు కొనాలంటే, మనుషుల ముఖాలే మీకు ముఖ్యమైనప్పుడు, డాబా మీదో పార్కులోనో వెనక్కి జరగడానికి చోటున్నప్పుడు. అక్కడ దానికి సాటి లేదు.

ఎఫ్ 1.8 చేతికొచ్చాక ఇంకో విషయం తెలియాలి, లేకపోతే లెన్స్ చెడిపోయిందనుకుని షాపుకి పరిగెడతారు. 50 ఎం.ఎం.ని పూర్తిగా తెరిచి మీటరు దూరం నుంచి ముఖం తీస్తే ఫోకస్‌లో ఉండే మందం 3 సెంటీమీటర్ల లోపే. ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంటే ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మసగ్గా వస్తుంది. దగ్గరి కన్ను మీదే ఫోకస్ పెట్టండి. పక్కపక్కన ఇద్దరుంటే ఎఫ్ 4కి వెళ్ళండి. బ్లర్ కాస్త తగ్గితే తగ్గింది, ఇద్దరి ముఖాలూ ఉండటం ముఖ్యం.

గుళ్ళు, కోటలు, మండపాలు తీసేవాళ్ళకి కిట్ లెన్సే చాలాకాలం సరిపోతుంది. లేపాక్షి మండపం పైకప్పు బొమ్మలు తీయాలన్నా, రామప్ప గుడిలో స్తంభాలు తీయాలన్నా 18 దగ్గర ఎఫ్ 3.5 ఉంటుంది, రాయి కదలదు కాబట్టి స్పీడ్ తగ్గినా ఫర్వాలేదు, చేతి వణుకు ఒక్కటే సమస్య. దానికే స్టెబిలైజేషన్. కెనాన్ దాన్ని ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్ అంటుంది. ఈ అక్షరాలు లేని 18-55లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు లెన్స్ మీద రాసిన పేరు పూర్తిగా చదవండి. బొమ్మల దగ్గర ఫ్లాష్ కొట్టకండి, చాలా చోట్ల నిషేధం ఎలాగూ ఉంటుంది, లేని చోట కూడా కొట్టకండి. 18 కూడా చాలడం లేదు, గోపురం మొత్తం పట్టడం లేదు అనిపించినప్పుడు కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ 10-18 ఉంది, దాని పని అదే.

పిట్టల సంగతికొద్దాం. ఇక్కడ డబ్బు ఎక్కువ పోతుంది, నిరాశ కూడా ఎక్కువే. కెనాన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం బిగినర్‌కి సరైన టెలిఫోటో, అంటే దూరాన్ని దగ్గరికి తెచ్చే లెన్స్. నికాన్‌లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300, అది కూడా వీఆర్ ఉన్నది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ దగ్గర్లోనే వాలి ఉంటాయి, పెద్ద పక్షులు, అక్కడ 250తో కడుపు నిండా తీసుకోవచ్చు. కానీ జానెడు పొడవుండే లకుముకి పిట్టని 15 మీటర్ల నుంచి 250తో తీస్తే ఫ్రేమ్ ఎత్తులో నాలుగో వంతు వస్తుంది, 30 మీటర్ల నుంచి ఎనిమిదో వంతు. వేరేవాళ్ళ ఫోటోల్లో రెక్క మీద ఈకలన్నీ లెక్కపెట్టేలా ఉంటాయే, అవి 500, 600 ఎం.ఎం. లెన్సులు. అవి ఇప్పుడొద్దు. ముందు ఏడాది పాటు 250తో దగ్గరికెళ్ళడం, ఓపిగ్గా కూర్చోవడం అలవాటు చేసుకోండి.

టెలిఫోటో విషయంలో నాకు జరిగింది చెప్పాలి. నా మొదటి కెమెరా కొన్నప్పుడు షాపతను రెండు లెన్సుల కిట్ అంటగట్టాడు. 300 దాకా వెళ్ళే రెండో లెన్స్ కలిపి ఇంత తక్కువకి ఎక్కడా రాదన్నాడు, నేనూ సంబరపడి తీసుకున్నాను. ఇంటికొచ్చాక సాయంత్రం పూట తీసిన ప్రతి ఫోటో చెదిరినట్టు వచ్చేది. నా చెయ్యే బాగోలేదేమో అని నెలల తరబడి బాధపడ్డాను. దానికి స్టెబిలైజేషనే లేదు. క్రాప్ సెన్సర్ మీద 300 ఎం.ఎం.ని స్టెబిలైజేషన్ లేకుండా చేత్తో పట్టుకుని తీయాలంటే స్పీడ్ కనీసం 500వ వంతు ఉండాలి, ఎఫ్ 5.6తో మన సాయంత్రం వెలుతురులో అది అంత తేలిగ్గా రాదు. ఆ సంగతి చెప్పేవాళ్ళుంటే అప్పుడే ఆ డబ్బుతో ఒక మంచి ప్రైమ్ కొనుక్కునేవాణ్ణి. ఇప్పటికీ ఇలాంటి కిట్లు అమ్ముతూనే ఉన్నారు. కెనాన్ 75-300లోనూ, నికాన్ 70-300 రకాల్లో వీఆర్ అని రాయనివాటిలోనూ స్టెబిలైజేషన్ ఉండదు. కిట్‌లో కలిసి వస్తోందని ఒప్పుకోకండి, ఒక్క లెన్స్ ఉన్న కిట్ అడగండి.

డబ్బు ఎలా పంచుకోవాలంటే, యాభై వేలుంటే ముప్పై ముప్పై ఐదుకి బాడీ, కిట్ లెన్స్ అయ్యేలా చూడండి, కొత్తది ఆ ధరకి రాకపోతే సెకండ్ హ్యాండ్. మిగిలింది ముట్టుకోవద్దు. రెండో లెన్స్ కెమెరాతో పాటు అదే రోజు కొనడం నాకు ఇష్టం లేదు, ఎందుకో చివర్లో చెప్తాను.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

కోఠి, ఆబిడ్స్ వైపు షాపుల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో చూసి ఒక మనిషి దగ్గర కొన్నా పద్ధతి ఒక్కటే, వస్తువు చేతిలోకి తీసుకుని కనీసం అరగంట చూడాలి. తొందర పెట్టేవాళ్ళ దగ్గర కొనొద్దు. వెళ్ళేటప్పుడు మీ మెమరీ కార్డ్ తీసుకెళ్ళండి.

లెన్స్ బాడీ నుంచి విప్పండి. ఫోన్ టార్చ్ వేసి లెన్స్ ఒకవైపు నుంచి వెలుగు కొట్టి రెండోవైపు నుంచి కాస్త ఏటవాలుగా లోపలికి చూడండి. నాలుగు దుమ్ము నలుసులు కనిపిస్తే భయపడక్కర్లేదు, ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటాయి, ఫోటోలో పడవు. సాలెగూడు దారాల్లాగా, సన్నటి వేళ్ళు పాకినట్టు కనిపిస్తే అది ఫంగస్. ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు. బాగుచేయించే ఖర్చుకి ఇంకో లెన్స్ వస్తుంది, పైగా గాజు మీది కోటింగ్ అప్పటికే తినేసి ఉండొచ్చు.

తర్వాత బిగించి, మోడ్ డయల్ కెనాన్‌లో ఏవీ (Av) మీదా నికాన్‌లో ఏ (A) మీదా పెట్టి, ఎఫ్ 16కి తీసుకెళ్ళి, తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోకస్ లేకుండా ఒక ఫోటో తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. గుండ్రటి నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము, అది శుభ్రం చేయించుకోవచ్చు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. గీతలాగా ఉంటే సెన్సర్ మీద గాటు పడిందేమో, లేచి వచ్చేయండి.

కిట్ లెన్సులకి ఇంకో రోగం ఉంది. లోపల సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, జూమ్ తిప్పీ తిప్పీ అది అరిగి తెగుతుంది. పూర్తిగా తెరిచి తీస్తే ఫోటో మామూలుగానే వస్తుంది, అందుకే అమ్మేవాళ్ళకి కూడా తెలియకపోవచ్చు. ఎఫ్ 8 పెట్టి 18, 24, 35, 45, 55 ఇలా ఒక్కో చోటా ఒక ఫోటో తీయండి. ఎక్కడో ఒకచోట కెనాన్‌లో ఎర్ర్ 01 అని వచ్చిందంటే లెన్సుకీ కెమెరాకీ మాట కలవడం లేదని అర్థం, చాలాసార్లు కారణం ఈ కేబులే.

షట్టర్ కౌంట్ అడగండి. కెమెరా ఇప్పటిదాకా ఎన్నిసార్లు క్లిక్‌మందో ఆ లెక్క, కారుకి కిలోమీటర్ల రీడింగ్ లాంటిది. బిగినర్, మధ్యస్థాయి కెమెరాలకి దాదాపు లక్ష క్లిక్కులు ఆయుష్షు అనుకోండి, దాటినా నడిచేవి ఉన్నాయి. నికాన్‌లో మీరు తీసిన ఫోటో ఫైల్‌లోనే ఆ అంకె రాసి ఉంటుంది, లాప్‌టాప్‌లో ఎగ్జిఫ్, అంటే ఫోటోతో పాటు కెమెరా రాసిపెట్టే వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. కెనాన్‌లో అలా రాయదు, కెమెరాని కంప్యూటర్‌కి తగిలించి విడిగా చూడాలి. పెళ్ళిళ్ళకి తిరిగిన కెమెరాలు పైకి కొత్తగా తళతళలాడినా ఈ అంకె దగ్గర దొరికిపోతాయి. గ్రిప్ రబ్బరు ఊడి మళ్ళీ అతికించినట్టుందా, పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూ పట్టాలు అరిగిపోయాయా అన్నది కూడా అదే కథ చెప్తుంది.

బిల్లు అడగండి, బిల్లు మీదా పెట్టె మీదా కెమెరా అడుగునా సీరియల్ నంబర్ ఒకటేనా చూడండి. కొత్తది కొనేవాళ్ళకి కూడా ఇదే, జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ చేతికి రావాలి. బిల్లు లేకుండా నాలుగు వేలు తగ్గిస్తామంటే అది గ్రే మార్కెట్ సరుకు, అంటే ఇండియా వారంటీ లేకుండా పక్కదారిన వచ్చింది అయ్యుండొచ్చు, రేపు రిపేరొస్తే ఆ నాలుగు వేలు ఏ మూలకీ చాలవు.

ఇంటికి తెచ్చాక

ఫ్రీగా ఇచ్చే ట్రైపాడ్, చవక యూవీ ఫిల్టర్ గురించి ఆశపడకండి. ఆ ఫిల్టర్ పెట్టి రాత్రి వీధి దీపాలు తీస్తే ఫోటో నిండా దెయ్యాల్లా వెలుగు మచ్చలు వస్తాయి. కొనాల్సినవి ఇవే: పేరున్న కంపెనీ 64 జీబీ కార్డు, గాలి కొట్టే రబ్బరు బ్లోయర్, లెన్స్ తుడిచే గుడ్డ. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది.

ఇంకోటుంది, సముద్రం పక్కన ఉండేవాళ్ళకి మరీ ముఖ్యం. కాకినాడలో ఉన్నప్పుడు ఒక వర్షాకాలం మొత్తం నా లెన్స్‌ని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచాను, భద్రంగా ఉంటుందనుకున్నాను. నాలుగు నెలల తర్వాత తీస్తే లోపల ఫంగస్ పాకేసింది. చీకటి, తేమ, గాలాడని చోటు, ఫంగస్‌కి కావాల్సినవన్నీ నేనే ఇచ్చాను. ఇప్పుడు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పాటు పెడుతున్నాను, అందులోనే చిన్న తేమ మీటర్ ఒకటి పడేశాను, 40 నుంచి 50 శాతం మధ్యలో ఉంటే బాగున్నట్టు. రంగు మారే గుళికలు తెచ్చుకుంటే అవి తేమ పీల్చి నిండిపోయినప్పుడు కంటికే తెలుస్తుంది, నీలం రకం గులాబీ రంగుకి తిరుగుతుంది, అప్పుడు మార్చేయాలి. డబ్బాలో బియ్యం పోయకండి, ఆ పిండి లెన్స్ రింగుల్లోకి పోతుంది. అన్నిటికంటే మంచి మందు కెమెరాని వారానికోసారైనా బయటికి తీసి వాడటం.

రెండో లెన్స్ సంగతి చివర్లో చెప్తానన్నాను. కిట్ లెన్స్‌తో మూడు నెలలు తీయండి, కనీసం వెయ్యి ఫోటోలు. ఏవీ (నికాన్‌లో ఏ) మోడ్‌లోనే ఉండండి, ఎఫ్ నంబర్ మీరు మార్చండి, మిగతాది కెమెరాకి వదిలేయండి. మూడు నెలలయ్యాక మీకు నచ్చినవి ఒక వంద వేరే ఫోల్డర్‌లో వేసి, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, ఏ ఫోకల్ లెంత్ దగ్గర తీశారో అక్కడ ఉంటుంది. ఎక్కువ 55 దగ్గరే ఉన్నాయంటే మీకు ఇంకా దగ్గరికెళ్ళాలని ఉంది, 55-250 వైపు చూడండి, లేదా ముఖాలే ఎక్కువైతే 50. ఎక్కువ 18 దగ్గరే ఆగిపోయాయంటే వైడ్ కావాలి. 24, 35 మధ్యలో ఉంటే ఆ చిన్న ప్రైమ్ మీ కోసమే.

మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్ 80డి, 18-55 ఐఎస్ తీసుకున్నాడు. కోరంగి మడ అడవుల్లో పిట్టలు తీస్తానని మొదటి రోజు నుంచీ టెలిఫోటో కోసం ఒకటే పోరు. మూడు నెలలు ఆగరా అన్నాను, ఆగాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని వాడి వంద ఫోటోలు లెక్కేశాం. పిట్టలు ఆరు. మిగతావన్నీ వాళ్ళ అమ్మ వంటింట్లో, తాతయ్య వరండాలో పేపరు చదువుతూ, చేపల మార్కెట్లో ఆడవాళ్ళు, జగన్నాథపురం వంతెన కింద పడవలు. అరవై పైన ఫోటోలు 22కీ 30కీ మధ్యలో తీసినవే. "మరి 24 కొనెయ్యనా మావయ్యా?" అని వాడే అడిగాడు. కనుమ నాడు తాతయ్యని ఆ లెన్స్‌తోనే తీశాడు, వరండాలో, ఏడడుగుల దూరం నుంచి.